భుజకీర్తుల బరువు

వీధి నాటకంలో రాజు వేషగాడి భుజాల మీద మెరిసే ఆభరణాలను మనం భుజకీర్తులంటాం. సైనికాధికారి భుజాల మీది నక్షత్రాలు, సింహాలు మాత్రం అలంకారాలు కావు. ఆయన బాధ్యత ఎంతో చెప్పే గుర్తులు. ఆ గుర్తులను ఒక్కొక్కటిగా సంపాదించుకున్న ఫీల్డ్ మార్షల్ కరియప్ప గారి గురించి ఈసారి తెలుసుకుందాం.

ఆయన 1899 జనవరి 28న కొడగులో పుట్టారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. మడికేరిలో, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. ఇండోర్‌లో శిక్షణ పూర్తిచేసి, 1919లో సైన్యంలో అధికారి అయ్యారు. సెకండ్ లెఫ్టినెంట్‌కు భుజం మీద ఒకే నక్షత్రం. ఆనాడు పెద్ద హోదాలన్నీ తెల్లవారివే. మేజర్ భుజం మీద ఉండేది బ్రిటిష్ కిరీటం.

అయినా కరియప్ప మెట్టు మెట్టూ ఎక్కారు. 1933లో క్వెట్టా స్టాఫ్ కాలేజీలో చేరిన మొదటి భారతీయుడు ఆయనే. 1942లో ఒక బెటాలియన్‌కు నాయకత్వం వహించిన మొదటి భారతీయుడూ ఆయనే. 1949 జనవరి 15న జనరల్ బుచర్ నుంచి సైన్యాధిపత్యం స్వీకరించారు. అందుకే ఏటా ఆ రోజున సైనిక దినోత్సవం జరుపుకుంటున్నాం. మరుసటి ఏడాది మనది గణతంత్రమైంది. అధికారుల భుజాల మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి.

ఆయన 1953లో పదవీ విరమణ చేశారు. 1965 యుద్ధంలో ఆయన కుమారుడు, వైమానిక దళ అధికారి, పాకిస్తాన్‌కు బందీగా చిక్కారు. అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ ఒకప్పుడు కరియప్ప కింద పనిచేసినవారే. కావాలంటే కుమారుణ్ణి విడిచిపెడతామని ఆయన కబురు పంపారని చెబుతారు. బందీలైన సైనికులందరూ తన బిడ్డలేనని, తన కొడుక్కి ప్రత్యేక మర్యాద వద్దని ఆ తండ్రి జవాబిచ్చారట. కుమారుడు తర్వాత మిగతా బందీలతోపాటే ఇల్లు చేరారు.

1986లో, 87 ఏళ్ల వయసులో, కరియప్పకు ఫీల్డ్ మార్షల్ హోదా లభించింది. మన సైన్యంలో ఇప్పటివరకు ఆ హోదా పొందినవారు ఇద్దరే. మొదటివారు మానెక్‌షా. కరియప్ప 1993 మే 15న బెంగళూరులో కన్నుమూశారు.

పిల్లలూ, ఏ ఊరికి బదిలీ అయినా, క్వార్టర్స్‌లో ఎవరి నాన్న భుజం మీద ఎన్ని నక్షత్రాలున్నాయో లెక్కపెట్టుకునే ఆట మనకు ఎదురవుతూనే ఉంటుంది. అవి ఆయన మోసే బరువు. మన ఆటలో వరుసలు కట్టడానికి కాదు. తన హోదాను కన్నకొడుక్కి కూడా వాడని కరియప్ప గారిని అప్పుడు మనం తలుచుకుందాం.