వీరుడే విద్రోహి అయ్యాడు: బెనెడిక్ట్ ఆర్నాల్డ్ కథ

మన దేశంలో మీర్ జాఫర్ పేరు ఎలాంటిదో, అమెరికాలో బెనెడిక్ట్ ఆర్నాల్డ్ పేరు అలాంటిది. రెండు శతాబ్దాలు దాటినా అక్కడ ద్రోహానికి ఆ పేరే పర్యాయపదం. అయితే ఆర్నాల్డ్ పిరికివాడు కాదు, చేతకానివాడూ కాదు. 1780కి ముందే ఏ యుద్ధంలోనో నేలకొరిగి ఉంటే అమెరికా స్వాతంత్ర్య వీరుల్లో ముందు వరసలో నిలిచేవాడు.

1741లో కనెక్టికట్‌లోని నార్విచ్‌లో పుట్టాడు. తండ్రి వ్యాపారం చితికిపోయి తాగుడుకు బానిసయ్యాడు. కొడుకు మందుల దుకాణంలో పని నేర్చుకుని, న్యూ హేవెన్‌లో సొంత దుకాణం పెట్టి, ఓడల వర్తకుడిగా ఎదిగాడు. పోయిన పరువును, డబ్బును తిరిగి సంపాదించాలన్న తపన అతడిని చివరిదాకా వదల్లేదు.

1775లో బ్రిటన్‌పై తిరుగుబాటు మొదలవగానే యుద్ధంలోకి దూకాడు. సుమారు 1,100 మందితో మెయిన్ అడవుల గుండా కెనడాకు బయలుదేరాడు. ఆకలికి, చలికి తట్టుకుని క్విబెక్ దాకా చేరింది 600 మందే. అక్కడ కాలికి తూటా తగిలింది. మరుసటి ఏడాది చాంప్లేన్ సరస్సులో చిన్న పడవల దళంతో బ్రిటిష్ నౌకలను ఎదిరించి ఓడిపోయాడు. అయినా ఆ ప్రతిఘటన వల్లే శత్రువుల దండయాత్ర ఆ ఏడాదికి ఆగిపోయింది.

ఇంత చేసినా 1777 ఫిబ్రవరిలో కాంగ్రెస్ అతడిని పక్కనపెట్టి, అతడికంటే జూనియర్లయిన అయిదుగురికి మేజర్ జనరల్ హోదా ఇచ్చింది. ఆ అక్టోబరులో సారటోగా దగ్గర అతడు ముందుండి దాడి నడిపించాడు. అదే కాలికి మళ్లీ గాయమైంది. అక్కడి విజయమే ఫ్రాన్స్‌ను అమెరికా పక్షాన నిలిపింది. పేరు మాత్రం సేనాని గేట్స్‌కు దక్కింది.

కుంటికాలితో 1778లో ఫిలడెల్ఫియా సైనిక గవర్నర్ అయ్యాడు. విలాసాలు, అప్పులు పెరిగాయి. అధికారాన్ని సొంత వ్యాపారానికి వాడుకున్నాడన్న ఆరోపణలు వచ్చాయి. 1779 ఏప్రిల్‌లో బ్రిటిష్ అధికారులతో పరిచయాలున్న పెగ్గీ షిప్పెన్‌ను పెళ్లాడాడు. మే నెలలోనే శత్రువుతో రహస్య బేరం మొదలైంది. సైనిక విచారణలో రెండు చిన్న అభియోగాలు రుజువై, వాషింగ్టన్ మందలించింది ఆ తర్వాతే. అంటే ఆ మందలింపు ద్రోహానికి కారణం కాదు, సాకు మాత్రమే.

హడ్సన్ నదిపై వెస్ట్ పాయింట్ కోట శత్రువు చేతికి చిక్కితే తిరుగుబాటు రాష్ట్రాలు రెండుగా చీలిపోతాయి. ఆర్నాల్డ్ పట్టుబట్టి ఆ కోట బాధ్యత తీసుకున్నాడు. దాన్ని అప్పగించడానికి అడిగిన ధర 20,000 పౌండ్లు. 1780 సెప్టెంబరు 23న బ్రిటిష్ మేజర్ జాన్ ఆండ్రే దారిలో ముగ్గురు స్థానిక యువకులకు దొరికిపోయాడు. మేజోళ్లలో కోట వివరాల కాగితాలు బయటపడ్డాయి. రెండు రోజుల తర్వాత, వాషింగ్టన్ తన ఇంటికి రాబోతుండగా ఆర్నాల్డ్‌కు ఆ కబురు అందింది. భార్యనూ పసిబిడ్డనూ వదిలి, పడవలో బ్రిటిష్ నౌక చేరుకున్నాడు. ఆండ్రేను అక్టోబరు 2న ఉరి తీశారు.

జాన్ స్టార్క్‌దీ దాదాపు ఇదే అనుభవం. అదే 1777లో పదోన్నతి దక్కక అతడు రాజీనామా చేసి ఇంటికి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకే సొంత రాష్ట్రం పిలిస్తే వచ్చి బెన్నింగ్టన్‌లో బ్రిటిష్ సేనను ఓడించాడు. ఆండ్రేను విచారించిన సేనానుల్లో అతడూ ఒకడు. అవమానం ఇద్దరికీ జరిగింది. ఒకడు అలిగి ఇంటికి పోయాడు, మరొకడు కోటను అమ్మబోయాడు.

కోట చేతికి రాలేదు కనుక ఆర్నాల్డ్‌కు ముట్టింది సుమారు 6,000 పౌండ్లు, పింఛను, బ్రిటిష్ సైన్యంలో బ్రిగేడియర్ జనరల్ పదవి. 1781 సెప్టెంబరులో తాను పుట్టిన ఊరికి కొద్ది మైళ్ల దూరంలోని న్యూ లండన్‌పై దాడి చేసి పట్టణాన్ని తగలబెట్టించాడు. యుద్ధం తర్వాత ఈస్టిండియా కంపెనీలో కొలువు అడిగితే దొరకలేదు. యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిస్‌ను మాత్రం బ్రిటన్ 1786లో గవర్నర్ జనరల్‌గా భారతదేశానికి పంపింది. ఓడిన సేనానిని నమ్మిన సామ్రాజ్యం, తాను కొన్నవాడిని నమ్మలేదు.

1801లో ఆర్నాల్డ్ లండన్‌లో చనిపోయాడు. సారటోగా యుద్ధభూమిలో గాయపడిన ఆ కాలికి గుర్తుగా రాతి బూటు చెక్కిన స్మారకం ఉంది. దాని మీద అతడి పరాక్రమం గురించి రాశారు. పేరు మాత్రం రాయలేదు.