పురసేవకుడు పిట్టి త్యాగరాయశెట్టి

యుద్ధములు గెలిచిన వీరుల చరిత్రలను, రాజ్యములు స్థాపించిన ప్రభువుల చరిత్రలను మనము తఱచుగా చదువుచుందుము. వీధిలో దీపము వెలిగించుటకును, కుళాయికి నీరు తెచ్చుటకును, మురుగు నిలువకుండ కాలువ కట్టించుటకును పాటుపడినవారి చరిత్రలు మాత్రము అరుదుగా కనబడును. అయినను మానవుని నిత్యజీవితము ఈ చిన్న పనులపైననే ఆధారపడి యున్నది. ఒకప్పుడు బంగారు గనులకు పేరొందిన రామగిరివంటి గ్రామమున నైనను, హిందూపురము, ధర్మవరమువంటి పట్టణములందైనను ప్రొద్దున లేచినది మొదలు ప్రజలకు కావలసినవి మంచినీరు, శుభ్రమైన వీధి, బడి, వైద్యశాల. వీనిని సమకూర్చు భారము చాలవఱకు స్థానిక సంస్థలది. అట్టి సంస్థలో సభ్యుడుగా ఇంచుమించు నలువది సంవత్సరములు పనిచేసి, ఆ పనియే తన జీవితకార్యముగా భావించిన తెలుగువాడు పిట్టి త్యాగరాయశెట్టి.

ఆయన 1852వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన, చెంగల్పట్టు జిల్లాలోని ఏగత్తూరను గ్రామమున జన్మించెను. ఆయన కుటుంబము దేవాంగ కులమునకు చెందినది. దేవాంగులు నేతపనివారు. తమిళదేశమున ఎన్నో తరములుగా నివసించుచున్నను ఆ ఇంటివారు తెలుగు భాషను విడువలేదు. మన ధర్మవరమున పట్టుచీరలు నేయు ఇండ్లలో వినవచ్చు మగ్గపు చప్పుడువంటిదే ఆయన బాల్యమున విన్న చప్పుడును.

త్యాగరాయశెట్టి చెన్నపట్టణమందలి ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1876వ సంవత్సరమున బి.ఏ. పట్టము పొందెను. ఆ కాలమున పట్టభద్రులు మిక్కిలి కొలదిమంది. ఆ పట్టము చేతనున్నవానికి సర్కారు కొలువు దొరకుట కష్టము కాదు. ఆయన మాత్రము కులవృత్తినే ఆశ్రయించెను. ఆంగ్లదేశపు మిల్లులలో తయారైన చౌక బట్టలు ఓడలపై వచ్చి మన సంతలను నింపుచుండెను. వాని ధాటికి నిలువలేక ఎందఱో నేతగాండ్రు మగ్గములు విడిచి కూలిపనులకు పోవుచుండిరి. అట్టి దినములలో ఆయన సుమారు నూఱు చేతిమగ్గములతో నేతశాల నడపి, పలువురకు పని కల్పించెను. 1909వ సంవత్సరమున చెన్నపట్టణమున దేశీయ వర్తకులు దక్షిణ భారత వర్తక సంఘమును స్థాపించుకొనగా, దానికి ఆయన అనేక సంవత్సరములు అధ్యక్షుడుగా నుండెను.

వ్యాపారమున ఆయన సంపాదించిన ధనముకంటె, పురసేవయందు ఆయన వెచ్చించిన కాలమే ఆయనకు ఎక్కువ కీర్తి తెచ్చినది. ఆ సేవను తెలిసికొనుటకు ముందు చెన్నపురి నగరసభను గూర్చి కొంత తెలిసికొనవలెను.

చెన్నపట్టణపు నగరసభ 1688వ సంవత్సరమున తూర్పు ఇండియా వర్తక సంఘము వారిచే స్థాపింపబడినది. మన దేశమందలి నగరసభలలో అదియే మొదటిది. కాని దానిలో ప్రజల మాట చెల్లుటకు రెండు శతాబ్దములు పట్టినది. 1882వ సంవత్సరము మే నెలలో గవర్నరు జనరలు రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి యొక తీర్మానము వెలువరించెను. ఊరి పనులను ఆ ఊరివారే చూచుకొనవలెననియు, అట్లు చూచుకొనుటయే ప్రజలకు పరిపాలనలో తొలిపాఠమనియు దాని సారాంశము. ఆ సంవత్సరముననే త్యాగరాయశెట్టి నగరసభలో సభ్యుడయ్యెను. అప్పుడాయన వయస్సు ముప్పది సంవత్సరములు.

నాటి ఎన్నికలు నేటివంటివి కావు. పన్ను చెల్లించువారికి మాత్రమే ఓటు కలదు. కూలివారికిని, పేదలకును ఆ హక్కు లేదు. సభ కధ్యక్షుడుగా ప్రభుత్వోద్యోగి యుండెడివాడు. అతనిని ప్రభుత్వమే నియమించును. సభ్యులు ప్రశ్నింపవచ్చును, తీర్మానములు ప్రతిపాదింపవచ్చును, ఆదాయవ్యయములను చర్చింపవచ్చును. కార్యనిర్వహణాధికారము మాత్రము అధ్యక్షుని చేతిలో నుండెను. అధికారము తక్కువ, శ్రమ ఎక్కువ అయిన పదవి అది.

చెన్నపట్టణము విశాలమైన నగరము, సముద్రమట్టమున కించుమించు సమానమైన చదునునేల. వాన కురిసినచో నీరు పోవుటకు వాలు లేదు. మురుగునీరు ఇండ్లముందు నిలిచి, దోమలకును రోగములకును పుట్టినిల్లగుచుండెను. 1872 నుండి పుళల్ చెరువు నీరు నగరమునకు వచ్చుచున్నను, అది తెఱచిన కాలువలో, వడగట్టబడకుండ వచ్చుచుండెను. కలరా వంటి వ్యాధులు చెలరేగినప్పుడు మొదట బలియగువారు పేదలు. ఉత్తర భాగమున నున్న తండయారుపేట, చాకలిపేట ప్రాంతములలో నేతగాండ్రు, కూలివారు, మిల్లు పనివారు ఇఱుకైన ఇండ్లలో నివసించుచుండిరి. త్యాగరాయశెట్టి ఆ ప్రాంతమునకు సంబంధించినవాడే. కావున పేదల కష్టము ఆయనకు వినికిడి కాదు, కన్నులార చూచినది.

సభ్యుని పని పైకి కనబడునంత సులభమైనది కాదు. ఏదో యొక వీధికి కాలువ కావలెనన్న, దానికి ఎంత వ్యయమగునో ఇంజనీరు లెక్క వేయవలెను. ఆ ధనము ఏ పన్నునుండి వచ్చునో చూపవలెను. ఇంకొక వీధివారు తమ వీధియే ముందని వాదింతురు. పన్ను పెంచిన ఇంటి యజమానులు కోపింతురు, పెంచకున్న పని సాగదు. ఈ చిక్కులన్నిటిని విప్పుటకు కావలసినది గొప్ప వక్తృత్వము కాదు. ఓపికతో లెక్కలు చదువుట, ప్రతి సమావేశమునకు తప్పక వచ్చుట, ఒకసారి తిరస్కరింపబడిన విషయమును మరల ఎత్తుట కావలెను. త్యాగరాయశెట్టికి ఈ గుణములు నిండుగా నుండెను. నలువది సంవత్సరముల సభ్యత్వ కాలమున ఆయన హాజరు కాని సాధారణ సమావేశము ఒక్కటియే యని ప్రసిద్ధి.

ఆ నలువది సంవత్సరములలో నగరము చాల మాఱినది. 1895వ సంవత్సరమున విద్యుచ్ఛక్తితో నడచు ట్రాము బండ్లు వచ్చెను. 1913వ సంవత్సరమున నగరసభకు రిప్పన్ ప్రభువు పేర తెల్లని సుందర భవనము ఏర్పడెను. 1914వ సంవత్సరమున కీల్పాకమున నీటిని వడగట్టి శుద్ధిచేయు ఏర్పాటు పూర్తియయ్యెను. ఇట్టి కార్యములు ఏ యొక్కని వలనను జరుగునవి కావు. ఇంజనీర్లు, అధికారులు, సభ్యులు, పన్ను చెల్లించిన ప్రజలు అందఱును దీనికి కారకులు. కాని అవి చర్చకు వచ్చిన సభలో త్యాగరాయశెట్టి ఎల్లప్పుడు తన స్థానమున నుండెను. తెల్లని వస్త్రములనే ధరించు ఆయనను తమిళులు తెల్లని ఉడుపుల రాజని గౌరవముతో పిలిచిరి.

నగరసభలోనే డాక్టరు టి. ఎం. నాయరు అను ప్రముఖ వైద్యుడును సభ్యుడుగా నుండెను. నాయరుకును త్యాగరాయశెట్టికిని సభలో అనేక విషయములందు భిన్నాభిప్రాయములు కలవు. చాలకాలము వారు ప్రతిపక్షులుగనే మెలగిరి. డాక్టరు సి. నటేశ మొదలియారు వారిరువురను కలిపెను. ప్రభుత్వోద్యోగములందును, ఉన్నతవిద్యయందును బ్రాహ్మణేతరులకు తగిన భాగము లభింపవలెనను ఉద్దేశముతో 1916వ సంవత్సరము నవంబరు నెలలో వారు దక్షిణ భారత ఉదార సంఘమును స్థాపించిరి. అదియే తరువాత జస్టిస్ పార్టీ యని పేరుపొందినది. ఆ పక్షపు మార్గమును గూర్చి నాడును తరువాతను భిన్నాభిప్రాయములు కలవు. అంతకుముందు కాంగ్రెసులో నుండిన త్యాగరాయశెట్టి దానిని విడిచి ఈ పక్షమునకు నాయకుడయ్యెను.

1920వ సంవత్సరము ఆయన జీవితమున ముఖ్యమైనది. కొత్త రాజ్యాంగ సంస్కరణల ననుసరించి ఆ సంవత్సరము చెన్నరాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగెను. కాంగ్రెసువారు ఆ ఎన్నికలను బహిష్కరించిరి. జస్టిస్ పార్టీ గెలిచెను. గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు మంత్రివర్గము నేర్పఱుపుమని త్యాగరాయశెట్టిని కోరెను. రాష్ట్రమున మొట్టమొదటి ముఖ్యమంత్రి పదవి అది. దానికై ఆశపడనివాడు అరుదు. ఆయన మాత్రము తనకు వలదనెను. ఆ పదవి ఎ. సుబ్బరాయలు రెడ్డియారుకు లభించెను. త్యాగరాయశెట్టి నగరసభలోనే నిలిచిపోయెను.

అప్పటికి నగరసభలోను గొప్ప మార్పు జరిగి యుండెను. 1919వ సంవత్సరపు చట్టము సభ్యుల సంఖ్యను 50కి పెంచి, అధ్యక్షుని సభ్యులే ఎన్నుకొనునట్లు చేసెను. అంతవఱకు ప్రభుత్వము నియమించిన ఉద్యోగులు కూర్చున్న ఆసనముపై, సభ్యుల ఓట్లతో ఎన్నికైన మొదటి అనధికారి త్యాగరాయశెట్టి. ముప్పది యేడవ యేట నుండి కాదు, ముప్పదవ యేటనుండి ప్రశ్నలడుగుచు వచ్చినవాడు ఇప్పుడు అఱువదియెనిమిదవ యేట సమాధానము చెప్పవలసినవాడయ్యెను.

నగరసభవారి పాఠశాలలలో ఒక చిక్కు కలదు. బడులున్నవి, ఉపాధ్యాయులున్నారు, పిల్లలు మాత్రము చాలినంతమంది రాకుండిరి. వచ్చినవారును కొంతకాలమునకు మానివేయుచుండిరి. దీనికి కారణము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. పేదయింటి బాలుడు ఉదయము ఏదో కొంచెము తిని, లేదా ఏమియు తినక బడికి వచ్చును. మధ్యాహ్నమగుసరికి ఆకలి వేయును. ఇంటికి పోయినను అక్కడ వండినది ఉండదు, తల్లి కూలికి పోయి యుండును. ఆకలి గొన్న బాలునికి పలకమీది అక్షరము కనబడదు. పనికి పోయినచో ఆ పూట తిండి యైన దొరకునని తలిదండ్రులు తలంతురు. అట్టివారిని తప్పు పట్టుట సులభమే. కాని దానివలన బడి నిండదు.

1920వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన నగరసభ యొక తీర్మానమును ఆమోదించెను. వేయిదీపముల ప్రాంతమందలి నగరసభ పాఠశాలలో చదువు పిల్లలకు మధ్యాహ్నమున ఉపాహారము పెట్టవలెననియు, అందుకు ఒక్కొక్క పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించకుండ వ్యయము చేయవలెననియు ఆ తీర్మానపు భావము. రూపాయికి పదునాఱు అణాలు, అనగా నేటి లెక్కలో ఆఱు పైసలు. ఈ ఆఱు పైసల తీర్మానము వెనుక త్యాగరాయశెట్టి చొఱవ యుండెను.

ఒక బడిలో మొదలైన ఆ ఏర్పాటు తరువాత మఱి నాలుగు బడులకు వ్యాపించెను. ఫలితము లెక్కలలోనే కనబడినది. ఆ బడులలో 1922-23వ సంవత్సరమున 811గా నున్న పిల్లల సంఖ్య 1924-25 నాటికి 1,671కి పెరిగెను. రెండు సంవత్సరములలో రెట్టింపు కంటె ఎక్కువ. ఉపన్యాసములు చేయలేని పనిని ఒక అణా చేసినది.

అయినను మంచి పనికి విఘ్నములు తప్పవు. ప్రాథమిక విద్యానిధిలోని ధనమును భోజనమునకు వెచ్చింపరాదని ప్రభుత్వము అభ్యంతరము తెలిపెను. 1925వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి ఆ ఏర్పాటు ఆగిపోయెను. విద్యకు కేటాయించిన ధనము విద్యకే యన్న నియమము న్యాయముగనే తోచును. కాని ఆకలితో నున్న పిల్లవానికి అన్నము పెట్టుట విద్యలో భాగమగునా కాదా యన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము వచ్చువఱకు త్యాగరాయశెట్టి జీవించి యుండలేదు. 1923వ సంవత్సరముతో ఆయన నగరసభ సేవ ముగిసెను. 1925వ సంవత్సరముననే ఆయన మరణించెను. తాను నాటిన మొక్క వాడుచున్నట్లు కనబడిన సంవత్సరముననే ఆయన కన్నుమూసెను.

కాని ఆ మొక్క చావలేదు. నగరసభ పట్టు విడువక మరల కోరగా, 1927వ సంవత్సరమున పేదపిల్లలకు భోజనము తిరిగి ప్రారంభమయ్యెను. మూడు దశాబ్దముల తరువాత కామరాజు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు అది మద్రాసు రాష్ట్రపు బడులకు విస్తరించెను. 1995వ సంవత్సరము ఆగస్టు 15న భారత ప్రభుత్వము దేశమంతటికి మధ్యాహ్న భోజన పథకమును ప్రకటించెను. 2001వ సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానము బడులలో వండిన అన్నమే పెట్టవలెనని ఆదేశించెను. 2003వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమందలి బడులలోను వండిన అన్నము వడ్డించుట మొదలైనది. మన గ్రామములలో గంట కొట్టగానే పళ్లెములు పట్టుకొని వరుసలో నిలుచు పిల్లలకు, ఒక అణా తీర్మానముతో దూరపు చుట్టఱికము కలదు.

చెన్నపట్టణమున ఆయన జ్ఞాపకములు పెక్కు కలవు. విశాలమైన చెరువును పూడ్చి నిర్మించిన త్యాగరాయనగరము ఆయన పేర వెలసినది. నేటి జనులు దానిని టి. నగర్ అని పొట్టిపేరుతో పిలుచుచున్నారు. ఆ పేరిట నొక మనుష్యుడు కలడని వారిలో చాలమంది ఎఱుగరు. రిప్పన్ భవనపు ఆవరణమున ఆయన విగ్రహము కలదు. చాకలిపేటలో 1950వ సంవత్సరమున ఆయన పేర కళాశాల స్థాపింపబడినది.

పెద్ద పదవి ఇంటికి వచ్చినప్పుడు వలదని, కాలువలు, కుళాయిలు, బడులు చర్చించు సభలోనే ఆయన కూర్చుండెను. నేడు మన గ్రామసభలలో నీటికొఱకును, వీధిదీపముకొఱకును లేచి మాటలాడు వార్డు సభ్యుడు చేయుచున్నదియు ఆ పనియే. అతడు అడిగినది ఒకసారి జరుగకపోవచ్చును. రెండవసారియు జరుగకపోవచ్చును. తరువాతి సమావేశమునకు మరల వచ్చి, అదే ప్రశ్నను మరల అడుగువాడే త్యాగరాయశెట్టి త్రోవలో నడచువాడు.