ఓడ పేరు మోసిన బాలిక

పఠనభాగము: ఫిలేమోను 8–20



1761వ సంవత్సరమున ఆఫ్రికా తీరమునుండి ఒక బానిసల ఓడ అమెరికాలోని బోస్టను రేవునకు వచ్చెను. అందులో బక్కచిక్కిన ఒక పిల్ల యుండెను. ముందరి పాలపండ్లు ఊడియుండుటచేత ఆమెకు ఏడెనిమిదేండ్లని ఎంచిరి. జాన్ వీట్లీ అను వర్తకుడు తన భార్య సుసన్నాకు పరిచారికగా ఆమెను కొనెను. కన్నతల్లి పెట్టిన పేరు నేటికిని ఎవరికిని తెలియదు. ఓడ పేరు ఫిల్లిస్. అదే పిల్లకు పెట్టి, యజమాని ఇంటిపేరు చేర్చిరి.

ఆ యింటివారు ఆమెను దయగానే చూచిరి. కుమార్తె మేరీ చదువు చెప్పెను. పదునారు నెలలలో ఫిల్లిస్ బైబిలులోని కఠిన భాగములను సైతము చదువగలిగెను. పిమ్మట లాటిను నేర్చెను. 1770లో ప్రఖ్యాత బోధకుడైన జార్జి విట్‌ఫీల్డు మరణింపగా ఆమె వ్రాసిన విలాపగీతము ఇంగ్లండువరకు చేరెను. 1771లో బోస్టనులోని ఓల్డ్ సౌత్ సంఘమున బాప్తిస్మము పొందెను.

అయినను సంఘములో సహోదరి, ఇంటిలో సొత్తు! ఆ పద్యములు ఆమెవేనని పదునెనిమిదిమంది పెద్దలు సంతకములు చేయవలసివచ్చెను. బోస్టనులో అచ్చుకాని ఆమె గ్రంథము 1773లో లండనులో వెలువడెను. అక్కడి స్నేహితులు కోరగా, ఆ యేడే యజమాని ఆమెకు విడుదల నిచ్చెను.

1774లో ఆమె మొహెగను జాతీయుడైన సామ్సన్ ఆకమ్ అను బోధకునికి ఒక లేఖ వ్రాసెను. స్వేచ్ఛను కోరు గుణమును దేవుడే ప్రతి హృదయములో నాటెనని, తమకు స్వాతంత్ర్యము కావలెనని కేకలువేయుచు ఇతరులను అణచియుంచువారి నడత వింతయని అందు తెలిపెను. ఐగుప్తులోని ఇశ్రాయేలీయులను జ్ఞాపకము చేసెను. ఆ లేఖ పత్రికలలో ప్రకటింపబడెను.

1778లో జాన్ పీటర్సు అను స్వతంత్రుడైన నల్లవానిని వివాహమాడెను. యుద్ధకాలపు కరవులో రెండవ గ్రంథము అచ్చుకాలేదు. 1784 డిసెంబరు 5న, ముప్పదియొక్క యేండ్ల ప్రాయమున, పేదరికములో కన్నుమూసెను. ఆమె సమాధి యెక్కడనో తెలియదు.

ప్రియులారా, పౌలు ఫిలేమోనును అడిగినది ఒనేసిమును కొట్టకుము, కడుపునిండ పెట్టుము అని మాత్రమే కాదు. తనను చేర్చుకొన్నట్లే అతనిని చేర్చుకొనుమని. దయ చూపుట వేరు, సహోదరునిగా ఎంచుట వేరు. మన పశువులు కాయు పిల్లవాడు, మన అంట్లు తోము పిల్ల బడికి పోవుచున్నారా? మన ప్రక్కను కూర్చుండి భుజించుచున్నారా? ఈ మాసము ప్రతి యింటను దీనిని ప్రభువు సన్నిధిని ఆలోచించుకొందము.