జంట రెక్కల శిల్పి జెఫ్రీ డి హావిలాండ్

లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సేకరణలో ఎఫ్ 1010 అనే సంఖ్య గల పాత యుద్ధవిమానం ఒకటి ఉంది. అది హైదరాబాదు నిజాం బహూకరించిన విమానమని తెలిపే అక్షరాలు దాని మీద కనిపిస్తాయి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన 1918లో, బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు కావలసిన తొలి విమానాలను ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళంగా ఇచ్చాడు. అందువల్ల ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు వచ్చింది. ఆ విమానాలు డిహెచ్ 9ఎ రకానికి చెందినవి. దాదాపు 46 అడుగుల రెక్కల వెడల్పు గల ఆ విమానాన్ని 1:72 నిష్పత్తిలో నమూనాగా కూర్చితే జానెడుకు లోపుగా ఉంటుంది. అందులో నిజాం పేరు గల అక్షరాలను చదవాలంటే భూతద్దం పట్టవలసిందే. విమానం పేరులోని డిహెచ్ అనే పొడి అక్షరాలు మాత్రం జెఫ్రీ డి హావిలాండ్‌వి.

ఆయన 1882 జూలై 27న ఇంగ్లండులోని హైవికోంబ్ సమీపంలో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించాడు. తండ్రి చదువరి, కుమారుని మనసు యంత్రాల మీద. అన్న ఐవన్‌తో కలిసి ఇంటికి విద్యుద్దీపాలు అమర్చిన ఆ బాలుడు, పెరిగి క్రిస్టల్ ప్యాలెస్ ఇంజనీరింగు పాఠశాలలో చేరాడు. తరువాత రగ్బీ పట్టణంలోని విల్లాన్స్ అండ్ రాబిన్సన్ ఇంజన్ల కర్మాగారంలో అప్రెంటిస్‌గా పనిచేశాడు. రామచంద్రాపురం భెల్ కర్మాగారంలో గాని, పటాన్‌చెరువు పారిశ్రామికవాడలో గాని చేతికి నూనె మరక అంటకుండా పని నేర్చినవారు ఎలా ఉండరో, ఆయనా అలాగే నేర్చుకొన్నాడు. ఆపైన మోటారు వాహనాల సంస్థలలో నకాసులు గీసే ఉద్యోగం చేశాడు గాని, అది ఆయనకు రుచించలేదు.

అప్పటికి రైట్ సోదరుల విజయం ఐరోపాను కదిలిస్తున్నది. డి హావిలాండ్ ఉద్యోగం వదలి విమానం కట్టాలని నిశ్చయించుకొన్నాడు. డబ్బు లేదు. తన తదనంతరం మనుమనికి చెందవలసిన సొమ్మును మాతామహుడు ముందుగానే ఇచ్చాడు. అంటే భవిష్యత్తు అంతటినీ కర్రల మీద, బట్ట మీద పణంగా పెట్టినట్లయింది. ఫ్రాంక్ హెర్ల్ అనే మిత్రుడు తోడు నిలిచాడు. ఇంజనును సైతం డి హావిలాండే రూపొందించి, ఐరిస్ మోటారు సంస్థ చేత చేయించాడు. 1909లో ఆయనను వివాహమాడిన లూయీ రెక్కలకు కావలసిన బట్టను కుట్టుమిషను మీద కుట్టింది. ఆ విమాన నిర్మాణం ఆమె లేనిదే సాగేది కాదు.

జంట రెక్కల నిర్మాణంలోని కిటుకును ఇక్కడ తెలుసుకోవాలి. ఒకదానిపై ఒకటిగా ఉన్న రెండు రెక్కల మధ్య గుంజలు నిలుస్తాయి. గుంజల మధ్య ఏటవాలుగా తీగలు బిగుస్తాయి. గాలిలో రెక్కలు పైకి లేచి విరగకుండా కొన్ని తీగలు, నేల మీద క్రిందికి వంగకుండా మరికొన్ని పట్టి ఉంచుతాయి. పెట్టె వలె ఏర్పడే ఈ కట్టడం వల్లనే తేలికపాటి కర్రకు బలం చేకూరుతుంది. ప్లాస్టిక్ కిట్టు నుంచి నమూనాను కూర్చేవారు కూడా ఈ వరుసనే పాటించాలి. ముందుగా చోదకుని గదిలోని ఆసనాలు, మీటలు. తరువాత క్రింది రెక్క, గుంజలు, పై రెక్క. ఒక్క గుంజ వాలినా పై రెక్క ఒరుగుతుంది. చివర తలవెంట్రుక వంటి దారంతో తీగలను బిగించడం అన్నింటికంటె కష్టమైన ఘట్టం. తొందరపాటు గలవారు తీగలను వదలివేస్తారు. తీగలు లేని బైప్లేన్ బొమ్మ అవుతుందే గాని నమూనా కాదు.

1909 డిసెంబరులో సెవెన్ బారోస్ మైదానంలో మొదటి విమానం నేలను విడిచింది. కొన్ని క్షణాలలోనే రెక్క విరిగి కూలింది. బలహీనమైన కలప ఆ భారాన్ని తట్టుకోలేకపోయింది. డి హావిలాండ్ స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. శిథిలాలలో ఇంజను మిగిలింది. ఆ ఇంజనుకే ఈసారి స్ప్రూస్, యాష్ కలపలతో కొత్త విమానాన్ని కట్టి 1910 సెప్టెంబరులో అదే మైదానం మీద ఎగిరాడు. ప్రభుత్వం దానిని 400 పౌండ్లకు కొని, ఫార్న్‌బరోలోని సైనిక కర్మాగారంలో ఆయనకు ఉద్యోగమిచ్చింది.

1914లో ఆయన ఎయిర్కో సంస్థలో చేరాడు. అక్కడ రూపొందిన డిహెచ్ 4 కీర్తి తెచ్చింది. దాని తరువాతిదైన డిహెచ్ 9 మాత్రం నిరాశ కలిగించింది. శరీరం బాగున్నా, దానికి అమర్చిన ఇంజను అనుకొన్న శక్తిని ఇవ్వలేదు. అందువల్ల అనేకమంది యువకులు ప్రాణాలు కోల్పోయారు. వెస్ట్‌లాండ్ సంస్థ 400 అశ్వశక్తి గల అమెరికా లిబర్టీ ఇంజనును అమర్చి సవరించిన రూపమే హైదరాబాద్ స్క్వాడ్రన్‌కు దక్కిన డిహెచ్ 9ఎ. ఎఫ్ 1010 అక్టోబరు 1918లో జర్మనుల చేజిక్కింది. కొంతకాలం బెర్లిన్‌లో, పిదప పోలండులోని క్రాకోలో ఉండి, 1977లో బ్రిటన్ చేరింది.

యుద్ధానంతరం 1920లో డి హావిలాండ్ సొంత సంస్థను నెలకొల్పాడు. సామాన్యులు నడపగల చిన్న విమానం కావాలన్నది ఆయన సంకల్పం. సీతాకోకచిలుకలన్నా చిమ్మటలన్నా ఆయనకు మక్కువ. రెక్కలు వెనుకకు ముడుచుకొనే తన చిన్న విమానానికి చిమ్మట అనే అర్థం గల మాత్ అని పేరు పెట్టి, 1925లో తానే తొలిసారి నడిపాడు. దాని సంతతిలోనిదే 1931 నాటి టైగర్ మాత్. ముందు ఆసనంలోని వ్యక్తి పారాచూట్‌తో సులభంగా బయటపడడానికి అడ్డు వస్తున్నందున పై రెక్క మధ్యభాగాన్ని ముందుకు జరిపారు. దానితో తూకం తప్పగా, సరిచేయడానికి రెక్కలను కొంచెం వెనుకకు వంచారు. నమూనాలో ఈ వంపును సరిగా పట్టుకోగలగడమే కూర్చేవారి నేర్పు. 1:72 నిష్పత్తిలో దాని రెక్కల వెడల్పు 12 సెంటీమీటర్ల పైచిలుకు. అసలు విమానం తీగలు గుండ్రనివి కావు, గాలిని చీల్చేటట్లు చదునుగా చేసినవి; నిపుణులు అదీ విడిచిపెట్టరు. ఎనిమిది వేలకు పైగా తయారైన టైగర్ మాత్‌ల మీద రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు బేగంపేటలోనూ యువకులు చోదనం నేర్చుకొన్నారు.

లోహయుగం వచ్చినా ఆయన కలపను మరువలేదు. నమూనాలు చేసేవారికి చిరపరిచితమైన బాల్సా కలపను పలుచని ప్లైవుడ్ పొరల మధ్య ఇమిడ్చి నిర్మించిన మస్కిటో విమానం 1940లో ఎగిరింది. తొలిసారి దానిని నడిపినవాడు ఆయన పెద్ద కుమారుడు జెఫ్రీ. మూడేళ్ళకు, 1943లో, రెండు మస్కిటోలు గాలిలో ఢీకొనగా చిన్న కుమారుడు జాన్ మరణించాడు. 1946లో ప్రయోగాత్మకమైన డిహెచ్ 108 విమానం ముక్కలు కావడంతో జెఫ్రీ కూడా మరణించాడు. 1944లో లభించిన సర్ బిరుదు గాని, మరే గౌరవం గాని ఆ లోటు తీర్చగలిగినవి కావు. 1949లో లూయీ కన్నుమూసింది. ఆ సంవత్సరమే ఆయన పుట్టినరోజున సంస్థ నిర్మించిన కామెట్ జెట్ విమానం ఎగిరింది. అదీ ఘోర ప్రమాదాల పాలై, లోహపు అలసట అనే పాఠాన్ని ప్రపంచానికి నేర్పింది.

డెబ్భైయేళ్ళ వయసు దాకా ఆయన విమానం నడిపాడు. 1965 మే 21న మరణించాడు. చితాభస్మాన్ని విమానంలో తీసుకొనిపోయి సెవెన్ బారోస్ మైదానం మీద చల్లారు.