నికోబార్ నుంచి లోక్‌సభకు వెళ్లిన బడిపంతులు

1952లో తొలి లోక్‌సభ కొలువుదీరినప్పుడు అండమాన్ నికోబార్ దీవుల స్థానానికి ఎన్నిక జరగలేదు. దేశంలో చాలాచోట్ల జనం ఓట్లు వేశారు కానీ ఆ దీవుల ప్రతినిధిని రాష్ట్రపతే నామినేట్ చేశారు. అలా ఢిల్లీకి వెళ్లినాయన పోర్ట్ బ్లెయిర్‌కు చెందిన వ్యాపారీ కాదు, అధికారీ కాదు, సెల్యులార్ జైలులో మగ్గిన స్వాతంత్ర్య యోధుడూ కాదు. కార్ నికోబార్ ద్వీపంలో మూస్ అనే ఊరివాడు. చాలా ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించిన బడిపంతులు, ఆ తర్వాత బిషప్. లోకానికి ఆయన జాన్ రిచర్డ్‌సన్. పుట్టినప్పటి పేరు హచెవ్‌కా.

విశాఖపట్నం రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్లే ఓడ తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకో కూలి పనికో వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కానీ మన ప్రయాణం చాలామట్టుకు పోర్ట్ బ్లెయిర్‌తోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి దక్షిణంగా, టెన్ డిగ్రీ ఛానెల్ అనే ఉద్ధృతమైన జలసంధి దాటి దాదాపు 270 కిలోమీటర్లు పోతే కార్ నికోబార్ వస్తుంది. విస్తీర్ణం 127 చదరపు కిలోమీటర్లు. కొండలు లేని చదునైన నేల, చుట్టూ పగడపు దిబ్బలు, ఎటు చూసినా కొబ్బరి. ఆదివాసీ రిజర్వు కాబట్టి పాస్ లేకుండా బయటివాళ్లు అడుగు పెట్టడానికి వీల్లేదు.

హచెవ్‌కా 1884లో పుట్టాడు. అప్పటి కార్ నికోబార్‌లో బడి లేదు, రాత లేదు. అలాగని పిల్లల్ని ఎవరూ పట్టించుకోలేదని కాదు. అక్కడి కుటుంబాన్ని తుహెత్ అంటారు. తాతలు, మేనమామలు, పిన్నమ్మలు, వాళ్ల పిల్లలు అంతా కలిసి ఒకే ఉమ్మడి. కొబ్బరిచెట్లు, పందులు, పడవలు అన్నీ తుహెత్ ఆస్తే. పిల్లవాడు కూడా ఒక రకంగా తుహెత్ బిడ్డే. తల్లి చనిపోయినా అనాథ కాడు. పడవ తొయ్యడం, పందులకు మేత పెట్టడం, చెట్టెక్కి కాయలు దింపడం, ఇవే చదువు. ఊరికి సముద్రపు ఒడ్డున ఎల్‌పనమ్ అనే ఉమ్మడి స్థలం ఉండేది. ఊరి సభ జరిగేదీ అక్కడే, కాన్పులు జరిగే ఇల్లూ అక్కడే, చావుకు దగ్గరైనవాళ్లను ఉంచే ఇల్లూ అక్కడే.

ఈ బొమ్మకు రెండో పక్క కూడా ఉంది. రోగాలు ఎందుకొస్తాయో తెలియని కాలంలో మన మన్యం పల్లెల్లో చిల్లంగి పెట్టారనే అనుమానంతో మనుషుల్ని చంపినట్టే కార్ నికోబార్‌లోనూ దయ్యం పట్టిందని అనుమానం వచ్చినవాళ్లను ఊరంతా ఒక్కటై చంపిన సంఘటనలు బ్రిటిష్ రికార్డుల నిండా ఉన్నాయి.

ఇక బయటి ప్రపంచంతో లావాదేవీ అంతా కొబ్బరికాయ చుట్టూనే. బర్మా, మలయా, భారత్ నుంచి వచ్చే ఓడలవాళ్లు బియ్యం, బట్ట, కత్తులు ఇచ్చి కాయలు పట్టుకుపోయేవారు. ధరలు కాయల లెక్కలోనే ఉండేవి. ఊరి పెద్దను ఓడలవాళ్లు కెప్టెన్ అని పిలిచి, చివరికి ఆ పేరునే ఖాయం చేశారు. ఈ కెప్టెన్లు ఇంగ్లీషు పేర్లు పెట్టుకునేవారు, ఓడ యజమానులు రాసిచ్చిన యోగ్యతా పత్రాలను భద్రంగా దాచుకుని కొత్తగా వచ్చే ప్రతి ఓడవాడికీ చూపించేవారు. వాటిలో కొన్నింటిలో రాసి ఉన్నది వెక్కిరింత. చూపిస్తున్న మనిషికి ఆ ముక్క తెలియదు. చదువు లేకపోవడం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే నొప్పి కలిగించే ఉదాహరణ దొరకడం కష్టం.

డేన్లు వదిలేసిన నికోబార్ దీవులను బ్రిటిష్‌వారు 1869లో తమ అధీనంలోకి తీసుకున్నారు. 19వ శతాబ్దం చివరి దశాబ్దంలో మూస్‌కు వేదప్పన్ సాలమన్ అనే తమిళుడు వచ్చాడు. ప్రభుత్వ ఏజెంటుగా వచ్చే పోయే ఓడల లెక్క రాయాలి, వాతావరణ పరికరాలు చూసి నమోదు చెయ్యాలి. దాంతోపాటు మతబోధ చేసేవాడు, చిన్న బడి నడిపేవాడు. ఆ బడిలో చేరిన పిల్లల్లో హచెవ్‌కా ఒకడు. సాలమన్ కొందరు కుర్రాళ్లను ఎంచి బర్మాలోని మిషన్ బడికి పంపించాడు. హచెవ్‌కా మాండలే చేరాడు. అక్కడే జాన్ రిచర్డ్‌సన్ అయ్యాడు. దీవి దాటని కుటుంబం నుంచి వెళ్లిన పిల్లవాడు ఒక పెద్ద నగరంలో, తన భాష వినపడని చోట పెరిగాడు.

ఇలా వెళ్లినవాళ్లలో చాలామంది వెనక్కి రారు. మన ఏజెన్సీ ఊళ్ల నుంచి హాస్టల్ చదువులకు వెళ్లిన పిల్లల సంగతి చూస్తే అది అర్థమవుతుంది. రిచర్డ్‌సన్ 1912లో తిరిగి వచ్చాడు. మూస్ బడిలో పంతులుగా, ప్రార్థనలు నడిపే ఉపదేశిగా చేరాడు. అప్పటి నుంచి యుద్ధం దాకా, ముప్పై ఏళ్లు, ఆయన జీవితంలో బయటికి కనిపించే సంఘటనలు తక్కువ. రోజూ బడి, ఆదివారం ప్రార్థన, మధ్యలో ఊరి తగాదాలు. పందులకు మేత పెట్టాల్సిన పిల్లవాడిని పూటంతా పలక ముందు కూర్చోబెట్టడానికి తుహెత్ పెద్దల్ని ఒప్పించాలంటే, వాళ్లలో ఒకడైన మనిషే కావాలి. సాలమన్‌కు సాధ్యం కానిది రిచర్డ్‌సన్‌కు సాధ్యమవడానికి మూలం అక్కడే ఉంది.

ఆ ముప్పై ఏళ్లలో రెండు పనులు మాత్రం చరిత్రకు ఎక్కాయి. మొదటిది భాష. కార్ నికోబారీ మాటకు రోమన్ లిపిలో రాత స్థిరపడింది అప్పుడే. జార్జ్ వైట్‌హెడ్ అనే మిషనరీ ఆ భాషకు నిఘంటువు కూర్చాడు, 1925లో రంగూన్‌లో అచ్చయింది. రిచర్డ్‌సన్ బైబిల్ కొత్త నిబంధనను తన భాషలోకి తెచ్చాడు. అందులో మతం పాలు ఎంతైనా, ఒక నికోబారీ పిల్లవాడు తన ఇంట్లో మాట్లాడే మాటను కాగితం మీద చూసి గుర్తుపట్టడం దాంతో మొదలైంది. ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండీలో వాచకాలు తయారుచేయించి, గోండు యువకులకే పంతులు శిక్షణ ఇప్పించింది 1940లలో. అదీ బయటి నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త పూనికతో, నిజాం ప్రభుత్వం డబ్బుతో. మూస్‌లో ఆ పని అంతకు చాలా ముందే, ఆ ఊరి మనిషి చేతుల మీదుగా జరుగుతూ వచ్చింది. ఈ పోలిక మన ఆదివాసీ విద్యా చర్చల్లో ఎందుకు రాదో తెలియదు.

రెండోది ఫుట్‌బాల్. ఈ ఆటను నికోబార్‌కు తెచ్చింది రిచర్డ్‌సనే. పడవ పందేలు, కుస్తీ, కర్రసాము ఎరిగిన యువకులకు బంతి దొరికింది. ఇవాళ కార్ నికోబార్‌లో ఊరూరా మైదానం ఉంటుంది, ఆ దీవుల జట్లలో నికోబారీ కుర్రాళ్లు లేకుండా ఉండరు. బడికి పంపడానికి ఇష్టపడని ఇంటివాళ్లు కూడా ఆటకు వద్దనలేరు. ఏ పల్లెటూరి డ్రిల్లు మాస్టారిని అడిగినా ఈ కిటుకు చెబుతాడు. రిచర్డ్‌సన్ 1930లలో గురువుగా అభిషేకం పొందాడు కానీ, ఊరివాళ్లకు ఆయన పంతులుగానే మిగిలాడు.

1942 మార్చిలో జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. కొన్ని నెలల్లో నికోబార్ కూడా వాళ్ల చేతికి వచ్చింది. కార్ నికోబార్ చదునుగా ఉండడం ఇప్పుడు శాపమైంది. విమానాలు దిగడానికి అనువైన నేల అది. కొబ్బరితోటలు నరికి రన్‌వే వేయడానికి ఊళ్లకు ఊళ్లను వెట్టిచాకిరీకి తోలారు. ఈనాటి వైమానిక దళ స్థావరం పునాదులు అక్కడివే. బయటి నుంచి ఓడలు రావడం ఆగిపోయింది. బియ్యం లేదు, బట్ట లేదు, మందు లేదు. బడి మూతబడింది.

1945 నాటికి మిత్రరాజ్యాల దాడులు పెరిగాయి. దీవిలో ఎవరో శత్రువుకు సంకేతాలు పంపుతున్నారన్న అనుమానం సైన్యానికి పట్టుకుంది. ఇంగ్లీషు వచ్చినవాళ్లు, చర్చికి వెళ్లేవాళ్లు ముందుగా అనుమానితులయ్యారు. అంటే రిచర్డ్‌సన్ దగ్గర చదువుకున్నవాళ్లు. చిత్రహింసలు పెట్టి ఒప్పుకోలు రాబట్టారు, పదుల సంఖ్యలో చంపారు. చనిపోయినవాళ్ల లెక్కలో రిచర్డ్‌సన్ సొంత ఇల్లూ ఉంది. ఆయన్నూ నిర్బంధించారు. మరణశిక్ష ఖాయమైందని, ఆగస్టులో జపాన్ లొంగిపోవడంతోనే బతికి బయటపడ్డారని నికోబారీలు చెప్పుకుంటారు. ఈ హత్యలపై 1946లో సింగపూర్‌లో యుద్ధనేరాల విచారణ జరిగింది. ఆ సైనికాధికారులు దోషులుగా తేలారు. మన స్వాతంత్ర్య కథనాల్లో అండమాన్ అంటే నేతాజీ జెండా ఎగరేసిన ఘట్టం ఒక్కటే వినిపిస్తుంది. అదే ఏలుబడిలో కార్ నికోబార్ పల్లెలు చూసిన నరకం గురించి పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరా ఉండదు.

యుద్ధం అయ్యేసరికి ఆయనకు అరవై దాటాయి. చాలామందికి అది విశ్రాంతి వయసు. ఆయన బహిరంగ జీవితం మాత్రం అప్పుడే మొదలైంది. కష్టకాలంలో తమతోపాటే దెబ్బలు తిన్న మనిషి మాటకు దీవిలో బరువు పెరిగింది. యుద్ధానికి ముందు క్రైస్తవులు కొద్దిమందే ఉన్న కార్ నికోబార్ కొన్నేళ్లలోనే దాదాపు మొత్తం క్రైస్తవమైంది. 1950లో కలకత్తా బిషప్‌కు సహాయకుడిగా, నికోబార్ బాధ్యతలతో ఆయన బిషప్ అయ్యారు. రెండేళ్లకు లోక్‌సభ.

పార్లమెంటులో ఆయన గొప్ప వక్తగా పేరు తెచ్చుకున్నవారు కాదు. ఆయన అక్కడ కూర్చోవడమే అసలు సంగతి. చదువుకున్న నికోబారీ ఒకడు ఢిల్లీలో ఉన్నాడని అధికారులకు తెలియడం వేరు, కెప్టెన్ల దగ్గర వేలిముద్ర వేయించుకుని పోవడం వేరు. ఆదివాసీల భూమిని, వాళ్ల దీవుల్లోకి రాకపోకల్ని నియంత్రించే ఆదిమ తెగల రక్షణ నిబంధన వచ్చింది 1956లో, ఆయన సభ్యుడిగా ఉన్న కాలంలోనే. అది ఆయన ఒక్కడి ఘనత అనడం అతిశయోక్తి. కాకపోతే దాని అవసరం ఏమిటో కొబ్బరి వ్యాపారుల ఖాతా పుస్తకాలను చిన్నప్పటి నుంచి చూసిన ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆయన వారసత్వంలో ఇబ్బంది పెట్టే అంశాలు లేకపోలేదు. ఊరంతా ఒకే మతంలోకి మారినప్పుడు పాత తంతుల్లో కొన్ని నిలిచాయి, కొన్ని కనుమరుగయ్యాయి. దయ్యం పేరుతో చంపడం పోవడం మేలే. మంత్రగాళ్లతోపాటు వాళ్లకు తెలిసిన కథలు, పాటలు ఎన్ని పోయాయో ఎవరు లెక్క కట్టారు? ఇంకొకటి. చర్చిలో, పుస్తకంలో నిలబడింది కార్ నికోబారీ. నాన్‌కౌరీ వైపు దీవుల్లో మాట్లాడే భాష వేరు. అక్కడి పిల్లలు ప్రార్థన పుస్తకంలో చూసేది పొరుగు దీవి మాట. పెద్ద భాష చిన్న భాషను నెట్టడం మనకు తెలిసిందే. చిన్న భాషల్లో కూడా పెద్దదీ చిన్నదీ ఉంటాయని నికోబార్ చూపిస్తుంది.

1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ వచ్చాయి. 1966లో అండమాన్ నికోబార్ ప్రత్యేక డయాసిస్ అయినప్పుడు తొలి బిషప్ ఆయనే. తొంభై ఏళ్లు దాటాక, 1977లో బాధ్యతలు వదిలారు. 1978 జూన్ 3న కన్నుమూశారు. కార్ నికోబార్‌లోని ప్రభుత్వ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు.

2004 డిసెంబర్ 26 సునామీలో కార్ నికోబార్ తీరపు పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. ఎల్‌పనమ్‌లు, తోటలు, పడవలు కొట్టుకుపోయాయి. మిగిలినవాళ్లను లోపలి నేలకు తరలించి రేకుల షెడ్లలో పెట్టారు. నష్టపరిహారం తుహెత్‌కు కాకుండా విడివిడి కుటుంబాలకు లెక్కగట్టడంతో ఉమ్మడి కుటుంబం లోపలే పగుళ్లు వచ్చాయి. సహాయ సంస్థల కాగితాలు చదివి, ఊరి తరఫున బేరమాడింది మాత్రం బడికి వెళ్లిన తరమే.

నికోబార్ ఆదివాసీ దీవులకు మన పంచాయతీరాజ్ చట్టం వర్తించదు. ఊరు ఎన్నుకున్న కెప్టెన్లు, వాళ్ల పైన ట్రైబల్ కౌన్సిల్ ఉంటాయి. 1967లో అండమాన్ నికోబార్ స్థానానికి మొదటిసారి ఎన్నిక జరిగింది. ఓటు వచ్చాక ఆ సీటులో మరో నికోబారీ కూర్చోలేదు. జనాభా లెక్కల్లో వాళ్లు వలస వచ్చినవాళ్ల కంటే తక్కువ. అందుకే ఇప్పుడు వాళ్ల గొంతు అంటే కెప్టెన్లే, కౌన్సిలే. గ్రేట్ నికోబార్‌లో తలపెట్టిన భారీ ఓడరేవు, టౌన్‌షిప్ కోసం 2022 ఆగస్టులో అక్కడి కౌన్సిల్ నుంచి అభ్యంతరం లేదనే పత్రం తీసుకున్నారు. సునామీకి ముందు తాము బతికిన ఊళ్ల నేల కూడా అందులో ఉందన్న సంగతి తమకు సరిగా చెప్పలేదంటూ, అదే ఏడాది నవంబర్‌లో కౌన్సిల్ లేఖ రాసి ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది.