గుండె లయను కాగితం మీదికి తెచ్చిన ఐంథోవెన్

చేతులకు, కాళ్లకు, ఛాతీకి వైర్లు పెట్టి ఈసీజీ తీయడం మనందరం చూసిందే. ఆ కాగితం మీది గీతలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టిన శాస్త్రవేత్త విలెం ఐంథోవెన్.

ఆయన 1860 మే 21న జావా దీవిలోని సెమరాంగ్‌లో పుట్టారు. ఇప్పటి ఇండోనేషియా అది. అప్పుడు డచ్ వాళ్ల పాలనలో ఉండేది. తండ్రి డాక్టరు. కొడుక్కి ఆరేళ్లప్పుడే చనిపోయారు. తల్లి ఆరుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని 1870లో హాలెండ్‌లోని ఊట్రెక్ట్ నగరానికి చేరింది. విలెం అక్కడే వైద్యం చదివారు. పాతికేళ్లకే లైడెన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.

గుండె కొట్టుకునేటప్పుడు సన్నని కరెంటు పుడుతుందని అప్పటికే తెలుసు. లండన్‌లో వాలర్ అనే శాస్త్రవేత్త 1887లో దాన్ని పాదరసం గొట్టంతో నమోదు చేశారు కూడా. కానీ పాదరసం నిదానంగా కదిలేది, గీత సరిగ్గా వచ్చేది కాదు. ఐంథోవెన్ ఏళ్ల తరబడి లెక్కలు కట్టి ఆ గీతను సరిచేస్తూ వచ్చారు. చివరికి ఆ పద్ధతే వదిలేసి, బలమైన అయస్కాంతాల మధ్య వెండి పూత పూసిన అతి సన్నని క్వార్ట్జ్ దారాన్ని బిగించారు. గుండె కరెంటు తగిలితే చాలు, దారం కదిలేది. 1901లో తయారైన ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి అయిదుగురు కావాలి. రోగి చేతులు, కాలు ఉప్పునీటిలో ముంచి కూర్చోవాలి. అంత పెద్ద యంత్రాన్ని ఆస్పత్రికి మోసుకెళ్లడం కుదరదు కదా! అందుకే 1905లో కిలోమీటరున్నర దూరంలోని ఆస్పత్రి నుంచి టెలిఫోన్ తీగ ద్వారా గుండె కరెంటునే ల్యాబ్‌కు రప్పించారు.

మరి ఈ కరెంటు మొదలయ్యేది ఎక్కడ? 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో గుండె కుడి పై గదిలో ఒక చిన్న కణాల ముద్దను కనుక్కున్నారు. ప్రతి దెబ్బా అక్కడే మొదలవుతుందని 1910లో థామస్ లూయిస్ ఐంథోవెన్ యంత్రంతోనే రుజువు చేశారు.

ఈ కణాలు మెదడు ఆజ్ఞ కోసం ఆగవు. సోడియం, కాల్షియం అయాన్లు మెల్లగా లోపలికి చేరుతుంటే వాటి వోల్టేజి పెరుగుతుంది. ఒక హద్దు దాటగానే కరెంటు పుట్టి గుండె అంతా పాకుతుంది. తర్వాత మళ్లీ మొదటి నుంచి. విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఇలా జరుగుతుంది. నరాలు ఆ వేగాన్ని పెంచడం, తగ్గించడం మాత్రమే చేస్తాయి. ఈసీజీలో మొదట కనిపించే చిన్న గుట్ట, పి, ఆ కరెంటు పై గదుల్లో పాకిన గుర్తే.

ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ వచ్చింది. తన విజయంలో లూయిస్ కృషికీ వాటా ఉందని ఆయన నిండు మనసుతో ఒప్పుకున్నారు. 1927 సెప్టెంబరు 29న లైడెన్‌లో కన్నుమూశారు.

వయసు మీద పడితే కొందరిలో ఈ కణాలు అలసిపోతాయి. నాడి మరీ నెమ్మదిస్తుంది, కళ్లు తిరుగుతాయి, మనిషి ఉన్నట్టుండి పడిపోతారు. ఇంట్లో అమ్మీకో, అబ్బాకో ఇలా జరిగితే నీరసంలే అని సరిపెట్టుకోకండి. ముందు ఒక ఈసీజీ తీయించండి. తల్లి కడుపులోనే మొదలై చివరి శ్వాస దాకా ఆగని ఈ లయ అల్లాహ్ ఇచ్చిన అమానత్. దాన్ని కాపాడుకోవడం మన బాధ్యత.