కూల్డ్రే దొరగారి కుంచె

మన నాందేడు ఘాట్ల నొరసికొనిపోవు గోదావరియే రాజమహేంద్రవరము చేరునప్పటికి కడలిని తలపించును. ఆ యొడ్డున 1909 మొదలు 1919 వరకు ఆస్వాల్డ్ కూల్డ్రేగారు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. చిత్రలేఖనము వారికి వృత్తి కాదు, మక్కువ. తీరిక దొరకినపుడెల్ల నీటిరంగులతో నదిని, కొండలను, చెట్లను చిత్రించుచుండిరి. నీటిరంగు ఆరిన పిమ్మట తేలికగా దిద్దుటకు వీలీయదు. ఆకసపు వన్నెను ముందు మనసున నిలుపుకొనియే కుంచె కదల్పవలెను. తరగతిగదిలో లేని యీ సాధనకు వారు శిష్యులను ఆరుబయటికి తీసికొనిపోవుచుండిరి. అడివి బాపిరాజుగారు, దామెర్ల రామారావుగారు అట్టివారే.

రామారావుగారికి చదువుకన్న బొమ్మలపైననే ధ్యాస మెండు. గురువు మందలింపలేదు; మాకు మిక్కిలి నచ్చినది ఇదియే. ఆయనను అజంతాకు గొనిపోయి, (అది మన మరాఠ్వాడాలోనిదే యని మన పిల్లలలో ఎందరెరుగుదురో!) బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పంపిరి.

వినికిడి తగ్గుటచే కూల్డ్రేగారు కొలువు విడిచి ఇంగ్లండులోని అబింగ్డను చేరిరి. అచ్చటను కుంచె విడువలేదు. 1925లో రామారావుగారు ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే మశూచికముచే మరణించిరి. గురువు మరి ముప్పదిమూడేండ్లు జీవించి 1958లో కన్నుమూసిరి. శిష్యుని చిత్రములు నేటికిని రాజమహేంద్రవరపు చిత్రశాలలో, గోదావరికి చేరువనే కలవు.